సాంబారు కారిన వంతెన

తల వంచి లోపలికి అడుగు పెడుతుండగా నా ఎడమ భుజం మీద సాంబారు చుక్క పడింది. శనివారం, పగలు పదకొండు దాటి పది నిమిషాలు. కట్టుకున్నది గంజి పెట్టిన తెల్ల నూలు చీర, కొన్నాక మూడోసారి కట్టడం. పైకి చూస్తే, నాలుగడుగుల ఎత్తున ఈ గోడ వైపు నుంచి ఆ గోడ వైపుకు వేసిన చిన్న వంతెన మీద రైలు పోతోంది. ముందు ఇంజను. దాని వెనక పైకప్పు లేని బండ్లు మూడు. మొదటి దాని మీద ఇడ్లీ పళ్ళెం, రెండో దాని మీద సాంబారు గిన్నె, మూడో దాని మీద పల్లీల చట్నీ. పట్టాకూ పట్టాకూ అతుకు పడిన ప్రతి చోటా చక్రం గుంతలో దిగినట్టు దిగి లేచింది. లేచిన ప్రతిసారీ గిన్నె తొణికింది.

వంతెన కింద నేల చూశాను. మరకలు అయిదు. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఒకటిన్నర అడుగు. ఎండిన సాంబారు మీద తడి సాంబారు, దాని మీద జనం చెప్పుల దుమ్ము. అవి ఏ అతుకుల కింద పడ్డాయో నాకు చూడకుండానే తెలుసు. ఆ సంగతి వరసలో వస్తుంది. ముందు నాకు కలిగింది రోత.

కడపలో ఏడు రోడ్ల నుంచి స్టేషను వైపు పోయే ఒక సందులో ఉన్న ఈ గది ఒకప్పుడు రైళ్ళ అంగడి. వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు ఇరవై రెండు. బొమ్మ రైళ్ళు అమ్మేచోటు అని కొత్తవాళ్ళు అనుకునేవారు. బొమ్మలు కావు, నిజం రైలును కొలిచి లెక్క ప్రకారం చిన్నది చేసిన రైళ్ళు. మూడేళ్ళుగా ఇది టిఫిన్ హోటలు. గోడల వెంబడి ఉన్న పాత బల్లచెక్కల మీద అదే రైలు తిరుగుతుంది, వంటింటి నుంచి ఇడ్లీలు మోసుకొచ్చి తినేవాళ్ళ ముందు ఆగుతుంది. జనం ఫోను పట్టుకుని దాన్ని ఫొటో తీస్తారు. తీసిన చేత్తోనే ఇంజనును తడుముతారు. ఆ చేతికి నెయ్యి ఉంటుంది, కారప్పొడి ఉంటుంది. ఇంకా ఏమేమి ఉంటాయో ఆలోచించకుండా ఉండటానికి నేను ఆ చేతుల వైపు చూడటం మానేశాను.

అంగడి ఆయన తన చేత్తో నీలి రంగు పెయింటుతో రాసిన రేకు బోర్డు ఒకటి ఉండేది. ‘లోపల ఏమీ తినరాదు. చేతులు తుడుచుకుని తాకండి.’ గుమ్మానికి ఎదురుగా వేలాడేది. వేరుశనక్కాయ నములుతూ వచ్చినవాణ్ణి కూడా ఆయన వెనక్కి పంపేవాడు. ఇప్పుడా బోర్డు చేతులు కడుక్కునే చోట, కుళాయి పైన ఉంది. నేను చూసినప్పుడు దాని కింద ఒక పెద్దమనిషి నోరు పుక్కిలించి మూడుసార్లు ఉమ్మాడు. మూడోసారి గొంతు లోపలి నుంచి తెచ్చి ఉమ్మాడు.

నేను టిఫిను తినడానికి పోలేదు. పది రోజుల ముందు కర్నూలులో మా ఇంటికి ఫోను వచ్చింది. చేసింది అంగడి ఆయన కూతురు, ఇప్పుడు ఈ హోటలు నడిపే మనిషి. ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదివింది. వంతెన మీద సాంబారు ఒలుకుతోందనీ, వచ్చినవాళ్ళ నెత్తిన పడుతోందనీ, పాత పట్టాలు మొత్తం తీయించి లావుపాటి ప్లాస్టిక్ పట్టాలు వేయిస్తున్నాననీ చెప్పింది. ఆదివారం పనివాళ్ళు వస్తారట. పాతవి చెత్తలో వెయ్యడానికి మనసొప్పక, నాకేమన్నా కావాలేమోనని అడిగింది. వంతెన కావాలన్నాను. మిగతా పట్టాలు నేను ఎత్తుకుపోలేను, మా ఇంట్లో పట్టవు. వంతెన తొమ్మిది అడుగులు, మూడు ముక్కలుగా విడదీయవచ్చు, మా హాలు గోడ పదకొండు అడుగులు. మూడు పాత దుప్పట్లు, నులక తాడు, స్క్రూలు తిప్పేది, సోల్డరింగు సామాను సంచిలో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. ఆదివారం లోపల ఆ వంతెనను ఆ జిడ్డులోంచి బయటికి తేవాలి. అంతవరకే అనుకుని పోయాను.

నాకు రైళ్ళ పిచ్చి ఆ అంగడిలో పుట్టింది కాదు. చిన్నప్పుడు కర్నూలులో మా పెరటి గోడ వెనకే మీటర్ గేజి లైను. నాన్న గూడ్సు గుమాస్తా. తొమ్మిదో ఏట నుంచి నేను గోడెక్కి కూర్చుని గూడ్సు బండికి పెట్టెలెన్నో లెక్కపెట్టి, తేదీ వేసి, నాన్న తెచ్చిన పాత రిజిస్టరు వెనక పేజీల్లో రాసేదాన్ని. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆడపిల్ల గోడెక్కిందని అమ్మ తిట్టిన రోజులు కూడా అందులో గుర్తు పెట్టి ఉన్నాయి. ఇరవై తొమ్మిదో ఏట లెక్కల టీచరుగా కడప ఆడపిల్లల హైస్కూలుకు వచ్చాను. ఒక ఏప్రిల్లో ఫ్యాను కాలిపోయింది. తీగ చుట్టించడానికి ఎవరో ఈ సందు చూపించారు.

ముందు భాగంలో ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడు ఆయన. జమ్మలమడుగు వైపు నేత కుటుంబం. మగ్గం మీద ఇల్లు గడవక ఈ పని నేర్చుకున్నాడు. తెగిన పోగు కనపడకుండా కలిపిన వేళ్ళకు సన్న రాగితీగ చుట్టడం కష్టం కాలేదని చెప్పేవాడు. వెనక భాగంలో, తెర అవతల, రైళ్ళు. చక్రాలు ఇత్తడి. పెట్టెలు పాత మగ్గం టేకుచెక్క. తెర కింది నుంచి ఒక గూడ్సు పెట్టె కనిపించి, నేను అడక్కుండానే లోపలికి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన వచ్చాడు. నూలుగుడ్డ ముక్క ఒకటి నా చేతికిచ్చాడు. తుడుచుకున్నాను. అప్పుడు పెట్టె ఇచ్చాడు.

ఆ గుడ్డముక్కలు అంగడి పద్ధతి. అమ్ముడుపోని చీరల కొసలు కత్తిరించి, ఉతికి, మడిచి, రేకు డబ్బాలో పెట్టేవాడు. వచ్చిన ప్రతివాడికీ ఒకటి. ఇంకొక పద్ధతి కూడా ఉండేది. ఇంజను కావాలన్నవాడు ముందు దాన్ని పూర్తిగా ఊడదీసి మళ్ళీ బిగించాలి. బిగించాక అది నడిస్తేనే అమ్మేవాడు. బండల వ్యాపారం చేసే ఒకాయన స్కూటరు మీద వచ్చి, అడిగినంత ఇస్తాను, ఇప్పుడే కట్టివ్వమని ఒక గంట పోట్లాడి, ఆ పని చేయలేక వెళ్ళిపోయాడు. నేను నాలుగుసార్లు బిగించాను. మూడుసార్లు అది నడవలేదు. నాలుగోసారి నడిచింది. ఆ రోజు స్కూలుకు ఆలస్యంగా పోయాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆలస్యం అదొక్కటే.

మా స్టాఫ్ రూములో ఎవరి పిల్లలకని అడిగేవారు. నాకేనంటే నవ్వేవారు. పెళ్ళి కాని మనిషికి ఇట్లాంటివి పుడతాయని ఒకావిడ నా ఎదుటే ఇంకొకావిడతో అంది. సాయంత్రం అయిదింటికి అంగడికి పోయి, ఏడింటిదాకా కూర్చుని, ఇంటికి పోయేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్ళు అట్లా జరిగింది.

ఆయనకు కొలిచే చెయ్యి ఉంది, లెక్క లేదు. నాకు లెక్క ఉంది. అందువల్ల వంతెన మా ఇద్దరిదీ అయింది. కర్నూలు దగ్గర తుంగభద్ర దాటే రైలు వంతెన సంగతి నేను చెప్పి చెప్పి ఆయనకు దాని మీద మోజు పుట్టింది. మొత్తం చెయ్యడానికి అంగడి చాలదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య మూడు ఖానాలు చేద్దామన్నాను. ఒక్కో ఖానా మూడడుగులు. ఎడమ గోడ బల్లచెక్క ఒకటిన్నర అడుగు, కుడి గోడది ఒకటిన్నర, మధ్యలో మిగిలేది సరిగ్గా తొమ్మిది. లోపలికి రావాలంటే ఎవరైనా దాని కింద వంగాల్సిందే. ఆయనకు అది నచ్చింది. పట్టాల మధ్య దూరం నలభై అయిదు మిల్లీమీటర్లు. మా రైలు నిజం రైలులో ఇరవై రెండున్నరో వంతు కాబట్టి, ఇరవై రెండున్నరతో హెచ్చిస్తే వెయ్యిన్నీ పన్నెండున్నర. మీటర్ గేజి కంటే పన్నెండున్నర ఎక్కువ. తగ్గించమన్నాను. చక్రాలన్నీ మార్చాలన్నాడు. ఆ ఒక్కటి వదిలేశాను. వదిలేసినట్టు నోటు పుస్తకంలో రాసుకున్నాను.

పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లకు ఆయన స్కేలు వాడలేదు. మగ్గం పన్నె వాడాడు. నేసేటప్పుడు పోగుల్ని వరసలో పట్టి ఉంచే దువ్వెన లాంటిది అది, అంగుళానికి ఇరవై పళ్ళు. పన్నెను పక్కన పెట్టుకుని, ఇరవై అయిదు పళ్ళకు ఒక స్లీపరు చొప్పున వేసుకుంటూ పోయేవాడు. కళ్ళు మూసుకుని కూడా పళ్ళు లెక్కపెట్టగలడు. బొటనవేలి గోరు ఒక్కటే కదిలేది.

వంతెన పూర్తయిన రోజు మంగళవారం. నేను టేపు పెట్టి చూశాను. పట్టా ముక్క ఒకటిన్నర అడుగు. నడుమ అంతా స్లీపర్లు సమంగా ఉన్నాయి. ముక్క చివరికి వచ్చేసరికి, అంటే రెండు పట్టాలు అతికే చోట, దగ్గర దగ్గరగా ఉన్నాయి. పదిహేను పళ్ళకే ఒకటి. అన్ని అతుకుల దగ్గరా అంతే. అంతకు ముందు గోడల వెంబడి వేసినవి చూశాను. అక్కడా అంతే.

"ఏమప్పా, చివర్లో ఎందుకు దగ్గరగా వేసినావు?" అన్నాను.

"అంచు గదా టీచరమ్మా. చివర గట్టిగా నెయ్యకుంటే విడిపోతాది."

"ఇది చీర కాదు."

ఆయన కొంచెంసేపు పట్టాల వైపు చూశాడు. "రైలుకు అంచు అక్కర్లేదంటావా?"

అక్కర్లేదన్నాను. పైగా ఆయన మగ్గం బుద్ధి మానలేదని ఎగతాళి చేశాను. భారం అంతటా సమానంగా పంచాలంటే దూరం సమానంగా ఉండాలని సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాను. ఎనిమిదో తరగతికి చెప్పినట్టు చెప్పాను. ఆయన కూతురు అప్పుడు తొమ్మిదేళ్ళది, గుమ్మంలో కూర్చుని వింటోంది. ఆయన సరేనన్నాడు. రెండు రోజులు అంగడి తెరవకుండా వంతెన ఊడదీసి, అంతటా సమంగా వేశాడు. గోడల వెంబడి ఉన్నవి తరవాత మారుద్దామనుకున్నాం. ఆ రాత నా పుస్తకంలో ఇట్లా ఉంది. ‘తప్పు, ఏడు చోట్ల. సరిచేయించాను.’ వంతెనలో అతుకులు అయిదు, రెండు కొసల్లో రెండు.

ఆరో వారం, ఆదివారం. ఊరికి పోవడానికి కడప స్టేషనులో నిలబడ్డాను. బండి రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. అక్కడ ఒక పాత పక్కలైను ఉండేది, పట్టాలు ముక్కలు ముక్కలుగా బోల్టులతో అతికినది. ఊరికే చూస్తున్నాను. అతుకు దగ్గర స్లీపర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. తరవాతి అతుకు చూశాను. అక్కడా అంతే. సుత్తి భుజాన పెట్టుకుని లైను చూసుకుంటూ పోయే మనిషిని పిలిచి అడిగాను. అతుకు కాడ బలం తక్కువ, చక్రం ఆడనే దెబ్బ కొడతాది, అందుకని ఆడ ఒత్తుగా వేస్తారమ్మా అన్నాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. తొమ్మిదో ఏట నుంచి పట్టాల పక్కన కూర్చున్న మనిషిని నేను. పెట్టెలు లెక్కపెట్టాను. కిందికి చూడలేదు.

ఆ ఆదివారం పేజీలో బండి వచ్చిన వేళ ఉంది. ఇది లేదు.

సోమవారం సాయంత్రం అంగడికి పోయాను. చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణాలు అప్పుడు చాలా కనిపించాయి, ఒక్కటీ రాయదగ్గది కాదు. మిగతా పట్టాలు ఎప్పుడు మారుస్తావని మాత్రం నేను మళ్ళీ అడగలేదు. ఆయనా అడగలేదు. నేను రిటైరై కర్నూలు చేరాను. పన్నెండేళ్ళకు ఆయన పోయాడు. పదకొండో రోజు పోయి, భోజనం చేసి, సాయంత్రం బస్సుకు వచ్చేశాను. ఆయన పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

ఇక ఆ శనివారం. కూతురు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా భుజం చూసి నాలిక కరుచుకుంది.

"అయ్యో మేడం, మీ మీద గూడా పడిందా. దినామూ ఇదే గలాటా. అసింకంగా ఉండాది, నాకు తెలుసు."

తెలిసీ మూడేళ్ళు నడిపావా అన్నాను. ఇద్దరు పిల్లల చదువు దీని మీదే నడిచిందని, తగ్గి మాట్లాడకుండానే చెప్పింది. మోటార్లు చుట్టించుకునేవాళ్ళు ఇప్పుడెవరూ లేరట. కడపలో టిఫిన్ హోటళ్ళు వీధికి నాలుగు, రైలు ఉన్నది ఒక్కటే. నేను రైలు సంగతి వదిలి ఇంజను మీద జిడ్డు సంగతి ఎత్తుకున్నాను. వారానికి ఒకసారి తుడుస్తానంది. దేంతో అంటే, గిన్నెలు తోమే పీచుతో అంది. ఆమె తండ్రి చేసిన ఇత్తడి ఇంజను మీద గీతలు పడి ఉన్నాయి. నేను వేలితో తడిమి చూసి, ఆ వేలిని కొంగుకు మూడుసార్లు తుడుచుకున్నాను. జిడ్డు పోలేదు.

వంతెన ఊడదీస్తానని స్టూలు అడిగాను. తెచ్చి ఇచ్చి, పక్కన నిలబడింది.

"ఒకటి చెప్పల్ల మేడం. గోడల పక్కన నలభై అడుగుల పట్టా ఉండాది. ఆడ యానాడూ చుక్క ఒలకలేదు. ఈ వంతెన కాడనే. దీని వల్లనే మొత్తం తీపిస్తాండా. లేకుంటే మా నాయన చేసింది నేనెందుకు తీపిస్తా?"

నేను స్టూలు ఎక్కలేదు. ఆ మాట విన్నాక ఎక్కబుద్ధి కాలేదు. వంతెన తీసుకుపోతే రేపు గోడల వెంబడి ఉన్న నలభై అడుగులూ చెత్తబండి ఎక్కుతాయి. అవి ఆయన సరిగ్గా వేసినవి. నేను దుప్పట్లో చుట్టుకుని పోయేది నేను చెడగొట్టింది. కడిగినట్టు కనిపించిన బల్ల ఒకటి చూసుకుని కూర్చున్నాను. బల్ల మీద అంతకు ముందు తిన్నవాడి కరివేపాకు రెబ్బ ఉంది. దాన్ని కాగితంతో పక్కకు తోశాను.

"మీ నాయన వేసిందే సరైనది. గోడ పక్కన వేసినట్టే వంతెన మీదా వేశాడు. తీయించింది నేను," అన్నాను.

"తెలుసు మేడం. నేను ఆడనే కూర్చునుంటి."

"నాది తప్పని ఆరు వారాలకే తెలిసింది. కడప స్టేషనులో చూశాను."

"నాయనకు చెప్పినారా?"

"లేదు."

వంటింట్లోంచి ఎవరో దోసె మాడుతోందని పిలిచారు. వెళ్ళింది. నేను గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలు. కోపంతో వెళ్ళిందేమోనని అనుకున్నాను, వెళ్ళడం న్యాయమే అనుకున్నాను. ఎదురుబల్ల మీద ఒకాయన రైలు మీద నుంచి చట్నీ గిన్నె తీసుకుని, కారిన చట్నీని బండి అంచు మీద నుంచి వేలితో ఎత్తి నాకాడు. మామూలుగా అయితే లేచి వచ్చేసేదాన్ని. ఆ రోజు ఎవరినీ అసహ్యించుకునే అర్హత నాకు లేదనిపించింది. అది కూడా రోతగానే ఉంది.

ఆమె తిరిగొచ్చినప్పుడు చేతిలో పాత హార్లిక్సు సీసా అంత కట్ట ఉంది. నూలుపోగుతో చుట్టి, నేతవాళ్ళ ముడి వేసి ఉంది. స్లీపర్లు. టేకుచెక్కవి, ఒక్కొక్కటీ సరిగ్గా కోసి, నూనె పట్టించినవి.

"ఇవి గోడ పక్క పట్టాలు మార్చేదానికని కోసి పెట్టినాడు. టీచరమ్మ చెప్పినాక వేస్తామని చెప్తాండె. సచ్చిపోయేదాకా అలమారాలోనే ఉండాయి. పారేస్తామంటే వద్దంటాడు, టీచరమ్మ చెప్పలేదు గదా ఇంకా అంటాడు."

కట్ట విప్పాను. లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నా అలవాటు కాబట్టి లెక్కపెట్టాను, ఇంకే కారణమూ లేదు. నూట నాలుగు ఉన్నాయి. ఇరవై ఏళ్ళు నేను రోజూ సాయంత్రం అయిదింటికి ఆ అలమారాకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను.

"పనివాళ్ళకు ఫోను చెయ్యి. రేపు రావద్దను," అన్నాను.

"ఒలికితే?"

"ఒలకదు. ఒలికితే ఎల్లుండి పిలుచుకో."

వంతెన మొత్తం ఊడదీయనక్కర్లేదు. అతుకుకు అటొకటి ఇటొకటి స్లీపరు దూర్చి, పట్టా కొసను దాని మీద ఇత్తడి మేకుతో బిగించి, సోల్డరింగు పెడితే చాలు. ఏడు చోట్ల రెండేసి, పధ్నాలుగు. పన్నె గోడ మీద అలంకారానికని మేకుకు తగిలించి ఉంది, కాగితం పూలు చుట్టి. పూలు తీసేయమన్నాను. మధ్యాహ్నం రెండింటికి జనం తగ్గాక, పనికి కూర్చున్నాం. పళ్ళు లెక్కపెట్టడానికి నా కళ్ళు చాలలేదు. డెబ్భై ఆరేళ్ళు. ఆమెను లెక్కపెట్టమన్నాను.

"నాకు లెక్కలు రావని మీరే గదా క్లాసులో నిలబెట్టి అన్నారు."

"పదిహేను దాకా వస్తే చాలు."

"పద్నాలుగు దాకా వస్తాయి మేడం, దాని తర్వాత మీ పుణ్యం," అని, గోరు పెట్టి మొదలుపెట్టింది. బొటనవేలి గోరు ఒక్కటే కదిలింది.

ముందు పట్టాలు తుడవాల్సి వచ్చింది. స్పిరిటుతో గుడ్డ పెట్టి లాగితే మూడేళ్ళ సాంబారు వచ్చింది. పసుపుపచ్చగా, జిగురుగా, మధ్యలో మాడిన ఆవాలు. ఒక అతుకు సందులో కరివేపాకు ఈనె ఇరుక్కుని ఉంది, ఇంకొక దాంట్లో చీమలు. తొమ్మిది అడుగులకు పదకొండు గుడ్డలు పట్టాయి. పదకొండింటినీ ఆమె చేత బయట పారేయించాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా ఆ వాసన పోలేదు. ఇంటికి వచ్చాక నిమ్మచెక్కతో తోముకుంటే పోయింది.

అయిదు గంటల ఇరవై నిమిషాలకు పధ్నాలుగోది బిగిసింది. ఆమె గిన్నె నిండా నీళ్ళు పోసి రెండో బండి మీద పెట్టింది. నీళ్ళు కాదు, సాంబారే పెట్టమన్నాను. నీళ్ళు ఒలికినా ఎండిపోతాయి, సాంబారు ఒలికితే దాక్కోదు. అంచు దాకా పోయించాను. రైలు వంటింటి నుంచి బయల్దేరి, ఎడమ గోడ దాటి, వంతెన ఎక్కింది. మొదటి అతుకు. రెండో అతుకు. గిన్నెలో సాంబారు కొంచెం కదిలింది, అంచు దాటలేదు. నేను కింద నేల మీద కూర్చుని పైకి చూస్తున్నాను. కుడి గోడ చేరే దాకా చూశాను. గచ్చు మీద ఒక్క కొత్త చుక్క లేదు.

"అంచు గట్టిగా పడింది మేడం," అంది ఆమె.

ఆ మాట అనాల్సిన మనిషి అక్కడ లేడు. ఇంటికి పోయి పాత పుస్తకం తీసి, ‘తప్పు, ఏడు చోట్ల’ అన్న రాత పక్కన ‘నాది’ అని రాశాను. తేదీ ఆ రోజుది వేశాను. ఎర్రసిరాతో వేశాను, దిద్దేటప్పుడు ఎర్రసిరా వాడాలి కాబట్టి.

వంతెన అక్కడే ఉంది. దుప్పట్లు వెనక్కి వచ్చాయి. ఒక షరతు పెట్టాను. రైలు మీద పొడి తిండి మాత్రమే, వడలు, ఇడ్లీలు. సాంబారు, చట్నీ చేత్తో తెచ్చి ఇవ్వాలి. ఆమె నా ముఖం చూసి, మనుషులు చాలరు మేడం అంది. షరతుకు ఒప్పుకోలేదు. బోర్డును కుళాయి దగ్గర నుంచి తీయమన్నాను. అది మాత్రం తీసింది. ఇప్పుడు వంటింటి తలుపు లోపలి వైపు ఉంది, వంటవాళ్ళు తప్ప ఎవరూ చూడరు. వంటవాళ్ళు చేతులు తుడుచుకుంటున్నారో లేదో నేను చూడదలచుకోలేదు.

నెలకొక శనివారం పోతున్నాను. పొద్దున ఆరింటి బస్సు. సంచిలో స్పిరిటు, పాత చీర కొసలు ఇరవై. మొన్న అయిదోసారి పోయాను. తల వంచి వంతెన కింద నుంచి పోతూ ముందు నేల చూశాను. అతుకుల కింద శుభ్రంగా ఉంది. లోపలికి పోయి మూడో బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగాను. కాఫీ రైలు మీద వచ్చింది. గ్లాసు అంచు మీద ఎవరివో వేలిముద్రలు, నెయ్యివి. అయిదు వేళ్ళూ ఉన్నాయి. గ్లాసు అట్లాగే రైలు మీద వెనక్కి పంపేశాను, అది వంతెన మీదుగా తొణక్కుండా పోయింది.